స్టీలు మామ భుజం మీద రుమాలీ రోటీ

మరీ పాత ముచ్చటేమీ కాదు. మా పక్కనున్న ఆలూరు రైతులు క్యారెట్ ధర ఫోన్లో చూసుకుని గాని బండి కట్టని కాలమే. అయినా ఆ సంగతి తలుచుకుంటే ఏదో వెనకటి రాజ్యం కథలా అనిపిస్తుంది నాకు. అప్పట్లో మా చేవెళ్లలో ఇంటర్ పాసైన పిల్లలున్న ఇళ్లు రెండే రకాలు: ఇంజనీరింగులో చేర్పించినవి, చేర్పించబోతున్నవి. మూడో రకం ఇల్లు ఒకటి ఉండొచ్చని ఎవరికీ తోచలేదు. పొద్దున్నే పసుపుపచ్చ కాలేజీ బస్సులు ఒకదాని వెనక ఒకటి మొయినాబాద్ వైపు పోతుంటే మా బాపు కిరాణా దుకాణం ముందు నిలబడి వాటిని చూసేవాడు. ఆ చూపులో భక్తి ఉండేది. కందిపప్పు తూచేటప్పుడు తరాజు వైపు కూడా ఆయన అంత శ్రద్ధగా చూడగా నేనెన్నడూ చూడలేదు (బాపు ఇవన్నీ చదవడన్న ధైర్యంతో రాస్తున్నాను).

ఆ బస్సుల్లో ఒకదాంట్లో నేనూ ఎక్కాలన్నది ఆయన కోరిక. మధ్యలో నా ఎంట్రెన్స్ ర్యాంకు వచ్చి పడింది. బాపు దాన్ని ఒకసారి చదివాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ చదివాడు. తప్పు అద్దాలది కాదని తేలాక వాటిని జేబులో పెట్టుకుని దుకాణంలోకి వెళ్లిపోయాడు. ఐతే అంత పెద్ద ర్యాంకును కూడా కడుపులో పెట్టుకుని చూసుకునే దయగల కాలేజీలు మా రోడ్డు మీద లేకపోలేదు. వాటిలో ఒకటి మొయినాబాద్ దాటాక ఉండేది. దాని ముందు నీళ్లు చిమ్మే ఫౌంటెన్ కూడా ఉంది. బాపు నన్ను బండి మీద ఎక్కించుకుని ఆ కాలేజీ చూపించడానికి తీసుకెళ్లాడు. మాకు అన్నీ తిప్పి చూపించిన కుర్రాడు ఆ కాలేజీలోనే చదివి, మొన్ననే పాసై, ఇప్పుడక్కడే అడ్మిషన్ల ఆఫీసులో పనిచేస్తున్నాడు. ఇక్కడ చదివితే ఉద్యోగం ఖాయమని అతను గట్టిగా చెప్పాడు. రుజువు అడిగితే తననే చూపించాడు.

బయటికొచ్చేసరికి ఎండ మండుతోంది. చాయ్ తాగుదామని రోడ్డు దాటితే అక్కడో రేకుల షెడ్డు కనిపించింది. అది క్యాంటీన్ అనుకున్నాం. నిజానికి అదొక ట్రైనింగ్ సెంటరు. మొయినాబాద్ చుట్టూ రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు పుట్టుకొస్తున్నాయి గానీ వాటిలో వండేవాళ్లు దొరకడం లేదని ఎవరో పుణ్యాత్ములు వంట నేర్పే ఏడాది కోర్సు పెట్టారు. పిల్లలు నేర్చుకుంటూ చేసినవన్నీ ముందు వైపు అమ్ముతారు. లోపల నా వయసు అమ్మాయి ఒకతె తెల్ల కోటు వేసుకుని ఓవెన్లోంచి బన్నుల ట్రే తీస్తోంది. ఆ వాసనకు నేను ఫౌంటెన్ సంగతే మరిచిపోయాను. బాపు రెండో చాయ్ చెప్పేలోపు నేను నా జీవితాన్ని నిర్ణయించేసుకున్నాను (అంత పెద్ద నిర్ణయానికి కారణం వెన్న వాసన తప్ప ఇంకేమీ లేదు. తర్వాత ఇంటర్వ్యూల్లో మాత్రం చాలా కారణాలు చెప్పాను).

ఇంట్లో పెద్ద గొడవే అయింది. అమ్మకు నా కోరిక అర్థం కావడానికే చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక గరిటె పక్కన పెట్టి అడిగింది: "ఇంట్ల పొయ్యి కాడికి రమ్మంటే సదువుకుంటున్న అంటవు. ఊరోళ్లకు వండిపెట్టుడు సదువెట్లయితదే?" అవే చపాతీలు ఇంట్లో ఊరికే చేస్తే ఆడపిల్లకు సంస్కారం, బయట జీతానికి చేస్తే ఇంటికి పరువు తక్కువ అన్న లెక్క నాకు మాత్రం లెక్కల పేపరుకన్నా కష్టంగా అనిపించింది. బాపు బాధ వేరు. ఆయన బాధకు పేరు స్టీలు మామ.

స్టీలు మామ మా బాపుకు వరుసకు బావ. శంకర్‌పల్లిలో ఆయనకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. మనిషి మంచివాడే. కానీ ఏ ఫంక్షన్లో కలిసినా మంచినీళ్లు ముట్టకముందే "మా పిలగాడు ఇంజనీరింగు. మీ బిడ్డ ఏం సదువుతున్నది బావా" అని అడిగే అలవాటుంది. బాపు ఏడాదంతా దుకాణం ఎంత బాగా నడిపినా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు లేకపోతే నష్టాల్లో ఉన్నట్టే లెక్క. నేను రెండు రోజులు అన్నం మానేసి, మూడో రోజు అవ్వ దొంగతనంగా పెట్టిన అటుకులు తిని పోరాటం సాగించాక బాపు మెత్తబడ్డాడు. ఒక్క షరతు పెట్టాడు. "మనోళ్లల్ల ఒక్కరికి తెల్సినా ఆ దినమే బందు. నోరెత్తకుంట ఆ ఫౌంటెన్ కాలేజీల చేరాలె." సరేనన్నాను. ఆ కాలేజీ వాళ్లు కూడా వారం వారం ఫోన్ చేసి సీటు నా కోసమే ఉంచామని చెబుతుండేవాళ్లు కాబట్టి అది ఉత్త బెదిరింపు కాదు. మా అవ్వకు మాత్రం ఏమీ చెప్పలేదు. అవ్వకు ఒక రహస్యం చెబితే సాయంత్రానికి అది సంతలో తిరుగుతుంది. మనవరాలు కాలేజీకి పోతున్నదన్నాం. ఆవిడకు అది చాలు.

అట్లా నేను వంట చదువులో చేరాను. మొదటివారంలోనే చిక్కొచ్చింది. మాది మాంసం వాసన గిట్టని ఇల్లు. కోడిని ముక్కలు చేసే పాఠం రోజు నేను బల్ల దగ్గరే కళ్లు తిరిగి పడిపోయాను. మాకు నేర్పే పెద్దాయనను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. పాతబస్తీ మనిషి, ఎన్నో పెళ్లిళ్ల దావత్‌లు వండిన చెయ్యి. నా మొహం మీద నీళ్లు చల్లి, "కోడి చచ్చిపోయిందంటే అర్థమున్నది. నువ్వెందుకు పడ్డవు బేటీ" అని అడిగి, నన్ను పిండి వైపు మార్చేశాడు. నాన్లు, కుల్చాలు, పరాఠాలు అయ్యాక చివరికి రుమాలీ రోటీ దగ్గరికొచ్చాను. పిండిని చేతుల మీద తిప్పి తిప్పి గాల్లోకి ఎగరేసి, దస్తీ, అంటే చేతిరుమాలు, అంత పల్చగా అయ్యాక బోర్లించిన పెద్ద కడాయి మీద పరుస్తారే, అదే. ముందు తడి తువ్వాలతో సాధన చేయాలన్నాడు ఉస్తాద్. నేను రోజూ సాయంత్రం మా డాబా మీదికెక్కి బాపు తువ్వాలను తడిపి గాల్లో తిప్పేదాన్ని. అవ్వ రెండు మూడుసార్లు మెట్ల మీద నిలబడి చూసి, కాలేజీలో బట్టలు ఆరేయడం కూడా నేర్పుతారా అని అమ్మను అడిగింది. ప్రాక్టికల్స్ అని చెప్పింది అమ్మ. ఆ మాట మా ఇంట్లో చాలా పనులు చేసింది.

చలికాలానికి నా రోటీ చిరగకుండా ఎగరడం మొదలుపెట్టింది. ఉన్నమాట చెప్పాలంటే నేను బాగానే ఎగరేసేదాన్ని. మొత్తం చదువులో నాకు పొగరు తెప్పించిన విద్య అదొక్కటే. అప్పుడే స్టీలు మామ బిడ్డ నిశ్చితార్థం వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం విందు, మొయినాబాద్ దిక్కు ఏదో రిసార్టట. అదే ఆదివారం మా సెంటరు వాళ్లు నన్నొక రిసార్టుకు పనికి పంపుతున్నారు. నేను ఇంట్లో ప్రాక్టికల్స్ ఉన్నాయని నిజమే చెప్పాను. బాపు మొహం వెలిగిపోయింది. నేను రాకపోవడమే ఆయనకు కావలసింది. మొయినాబాద్ చుట్టుపక్కల రిసార్టులు అన్నున్నాయి కదా, మా ఇద్దరివీ ఒకటే అవుతాయని ఎవరనుకుంటారు? పొద్దున సెంటరు వ్యాను దిగి చూస్తే గేటు దగ్గర బంతిపూల మధ్య స్టీలు మామ బిడ్డ పేరు మెరుస్తోంది.

ఉస్తాద్ దగ్గరికి పరుగెత్తి కడుపునొప్పి అన్నాను. వాము తినమన్నాడు. లోపల వంటశాలలో పెట్టమని బతిమాలాను. రుమాలీ వేసే ఇంకో కుర్రాడు రాలేదు, లాన్‌లో నువ్వే నిలబడాలన్నాడు. పైగా, "ఆడపిల్ల రోటీ ఎగరేస్తే గెస్టులు ఫోన్లు తీస్తరు. జర పైకి వెయ్యి" అని ఉత్సాహపరిచాడు. నా ఖర్మకు నేను నేర్చుకున్నది ఏ సాంబారో కాదు, పదిమందిని పోగుచేసే విద్య. మూతికి మాస్కు బిగించి, టోపీని కనుబొమల దాకా లాగి, రంగంలోకి దిగాను.

మొదట్లో బాగానే గడిచింది. చుట్టాలు వచ్చారు, చూశారు, ఫోన్లు తీశారు, రోటీ తిన్నారు, పోయారు. తెల్లకోటు వేసుకున్న మనిషి మొహం ఎవరూ చూడరని ఆ రోజు తెలిసింది. పిన్ని వరుసయ్యే ఒకావిడ నా కళ్లలోకి సూటిగా చూసి, కాస్త మెత్తగా కాల్చమని చెప్పి వెళ్లింది. నాకు ధైర్యం వచ్చింది. రోటీ ఇంకా ఎత్తుకు లేచింది. సరిగ్గా అప్పుడే బాపు, స్టీలు మామ పళ్లాలు పట్టుకుని నా కడాయి ముందుకొచ్చి నిలబడ్డారు.

బాపు నన్ను చూడలేదు. ఆయన దృష్టంతా జవాబు మీద ఉంది. నా బిడ్డకు పరీక్షలు, అందుకే రాలేదని చెబుతున్నాడు. కంప్యూటర్ బ్రాంచట. మొదటి సెమిస్టర్లో క్లాసు ఫస్టట. సార్లందరూ ఇంటికి ఫోన్ చేసి మరీ మెచ్చుకుంటున్నారట. నాకే తెలియని నా మార్కులను నేను చెవులు రిక్కించి వింటున్నాను. నిజం చెప్పొద్దూ, కొంత గర్వంగా కూడా అనిపించింది. "అమెరికా కంపెనీవాళ్లు ఇప్పటినుంచే అడుగుతున్నరు బావా" అని బాపు అన్నప్పుడు మాత్రం నా చేతులు తడబడ్డాయి. గాల్లోకి లేచిన రోటీ నా చేతుల్లోకి తిరిగి రాలేదు. అది నెమ్మదిగా, విప్పారి, పట్టుచొక్కా వేసుకున్న స్టీలు మామ భుజం మీద కండువాలా వాలింది.

"జర సూస్కోని ఎయ్యాలె బిడ్డా" అంటూ బాపు నా వైపు తిరిగాడు. టోపీకీ మాస్కుకూ మధ్య మిగిలిన నా రెండు కళ్లూ ఆయనకు కనిపించాయి. పళ్లెంలో పచ్చడి జారి కిందపడింది. ఆయన గుర్తుపట్టాడని నాకు తెలిసింది. నాకు తెలిసిందని ఆయనకూ తెలిసింది. పాపం స్టీలు మామకే ఏమీ తెలియలేదు. ఆయన కోప్పడలేదు కూడా. పిండి కండువాను నెమ్మదిగా ఒలిచి నాకు అందించి, ఇంత చిన్నపిల్లవు ఎంత బాగా చేస్తున్నావు, ఏ ఊరమ్మా నీది అని అడిగాడు. నా గొంతు ఆయనకు చిన్నప్పటినుంచీ తెలుసు. నేను నేల చూశాను. ఆయన మళ్లీ అడిగాడు. అప్పుడు బాపు, అంత ఆపదలోనూ బుర్ర పనిచేయడం మాననందుకు ఇప్పటికీ మెచ్చుకుంటాను, మెల్లగా అన్నాడు: "ఆ పిల్లకు మాటలు రావు బావా."

ఆ మాటతో స్టీలు మామ కరిగిపోయాడు. మాటలు రానివాళ్లకు వినపడదనుకున్నాడో ఏమో, నోరు పెద్దగా తెరిచి, చేతులు తిప్పుతూ, రోటీ... శానా... మంచిగున్నది... అని లాన్ చివరిదాకా వినిపించేట్టు చెప్పాడు. తన భార్యను, మా అత్తమ్మను, పిలిచి చూపించాడు. వియ్యాలవారిని పిలిచి చూపించాడు. దాక్కోవాలనుకున్న నేను కాసేపట్లో ఆ నిశ్చితార్థానికి పెళ్లికూతురికన్నా ఎక్కువగా తెలిసిపోయాను. చివరికి ఆయన నా ఆప్రాన్ జేబులో ఒక నోటు పెట్టి తల నిమిరాడు. నా మొదటి సంపాదన, నాకు మాటలు రానందుకు వచ్చిందన్నమాట.

అంతటితో పోయినా బాగుండేది. జాలితో నిండిపోయిన స్టీలు మామ బాపు వైపు తిరిగి, "మన పిల్లలు ఇంజనీర్లే బావా, కాదంటలేను. కని ఏం లాభం? నోరులేని పిల్ల, గింత హునర్, గింత పనితనం నేర్సుకున్నది. మీ బిడ్డకు చాయ్ పెట్టుడన్న వస్తదా?" అన్నాడు. బాపు వస్తుందన్నాడు. చాయ్ వేరు, ఇది వేరన్నాడు మామ. ఈ పిల్ల చెయ్యి చూడు, ఎంత నాజూకుగా తిరుగుతోంది, మీ బిడ్డ ఈ జన్మలో ఇలా చేస్తుందా అని అడిగాడు. నేను బాపునే చూస్తున్నాను. లేని బిడ్డ గురించి పొద్దున్నుంచీ అంత గొప్పలు చెప్పుకున్న మనిషికి, ఎదురుగా ఉన్న బిడ్డ గురించి ఒక్క మాట చెప్పుకునే వీల్లేకుండా పోయింది. మెచ్చుకుంటున్నది ఆయన బిడ్డనే, తీసిపారేస్తున్నదీ ఆయన బిడ్డనే.

అప్పుడొచ్చింది అవ్వ. చేతికర్ర ఊపుకుంటూ, జనాన్ని పక్కకు జరుపుకుంటూ వచ్చి, నన్ను కిందినుంచి పైదాకా చూసి, తీరుబడిగా అడిగింది: "పరీచ్చలంటివి గదనే. గీడ వెట్టిన్రా నీ పరీచ్చ?"

నా నోట్లోంచి ఆలోచించకుండానే, "ప్రాక్టికల్స్ అవ్వా" అని వచ్చేసింది.

స్టీలు మామ చేతిలోని రోటీ ముక్క నోటి దాకా పోయి ఆగింది. నన్ను చూశాడు, అవ్వను చూశాడు, చివరికి బాపును చూశాడు. "బావా, ఈ పిల్లకు మాటలు రావంటివి?"

బాపు చేతిలోని పళ్లెం పక్క బల్ల మీద పెట్టాడు. నాకు ఫౌంటెన్ కాలేజీ, పసుపుపచ్చ బస్సు, దాంట్లో కిటికీ పక్కన కూర్చున్న నేను, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. కడాయి మీది రోటీ మాడుతున్నా తీయడానికి చెయ్యి రాలేదు.

"దానికి వస్తయి బావా," అన్నాడు బాపు చివరికి. "నాకే రాలే. నా బిడ్డనే అది. వంట సదువుతున్నది."

స్టీలు మామ కంప్యూటర్ల సంగతి అడిగాడు. లేవన్నాడు బాపు. క్లాసు ఫస్టు సంగతి అడిగాడు. ఉస్తాద్‌ను అడిగి చెబుతానన్నాడు. మామ చూపు ఒక్క క్షణం నా ఆప్రాన్ జేబు మీద ఆగింది. ఇచ్చిన నోటు తిరిగి అడగడం బాగుంటుందా అని ఆలోచిస్తున్నాడని నాకు అర్థమైంది. అడగలేదు. పళ్లెం ముందుకు చాపి, "ఇంకోటెయ్యి బిడ్డా, మాడకుంట" అన్నాడు. పెద్దమనిషి.

సాయంత్రం పని ముగిసేదాకా బాపు గేటు దగ్గర బండి మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ, అవ్వ చుట్టాల కారులో వెళ్లిపోయారు. నేను వెనక ఎక్కాను. ఫౌంటెన్ కాలేజీ వెనకబడింది, మొయినాబాద్ దాటాం. షరతు షరతే కదా, రేపటినుంచి బందేనని నేను లోలోపలే ఏడుస్తూ కూర్చున్నాను. చేవెళ్ల దగ్గరపడ్డాక బండి కాస్త నెమ్మదించింది. "ఆ పిండిల ఏం గలుపుతరు?" అని అడిగాడు. మైదా, ఉప్పు, కొంచెం పాలు అన్నాను. "ఏ మైదా?" చెప్పాను. ఆయన, అది పాత సరుకని, మన దుకాణంలోదైతే ఇంకా సాగుతుందని, ఆ సెంటరు వాళ్లు ఎవరి దగ్గర కొంటున్నారో కనుక్కోమని చెప్పాడు. నా చదువు ఆగలేదని నాకు తెలిసింది అట్లా.

అమ్మ నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు, చుట్టాలు ఫోన్ చేసి మీ అమ్మాయి వీడియో చూశామని చెబుతుంటే, అది నా దగ్గరే నేర్చుకుందని చెప్పడం విన్నాను. స్టీలు మామ పది రోజుల తర్వాత బాపుకు ఫోన్ చేశాడు. ఆ సెంటర్లో మగపిల్లలను తీసుకుంటారా అని వాకబు. తన కోసం కాదట, దూరపు చుట్టం ఒకాయన కొడుకు ఇంజనీరింగు సబ్జెక్టులు దాటలేక అవస్థ పడుతున్నాడట. ఆ దూరపు చుట్టం కొడుకు వచ్చి చేరిన రోజు చూస్తే స్టీలు మామ కొడుకే. వాడికి తడి తువ్వాల తిప్పడం నేనే నేర్పాను. వాడు సాఫ్ట్‌వేర్ ట్రైనింగులో ఉన్నాడని శంకర్‌పల్లిలో చాలాకాలం చెప్పుకున్నారు. మా బాపుకు సంగతంతా తెలుసు. అయినా ఏ ఫంక్షన్లోనూ నోరు విప్పలేదు. ఆయనకు తీరిక కూడా లేదు. అప్పటికే ఆయన నన్ను ఫైవ్ స్టార్ హోటల్లో పెద్ద షెఫ్‌ను చేసేశాడు. నేనింకా కోర్సే పూర్తిచేయలేదు.

ఇప్పుడు మోకిల దిక్కు విల్లాల వాళ్ల దావత్‌లకు వండిపంపే చిన్న వంటశాల ఒకటి నాకుంది. ఎప్పుడైనా చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు, టోపీ కళ్ల మీదికి లాక్కుని వణికిపోయిన ఆ పిల్ల గుర్తుకొస్తుంది. చుట్టాలకు తెలిసిపోతే ఇక బతుకు లేదనుకుంది పాపం. ఏమైందంటే, ఆ నెల గడవకముందే శంకర్‌పల్లి దగ్గరి ప్రొద్దుటూరులో చుట్టాల పెళ్లి వచ్చింది. నేను ధైర్యం కూడగట్టుకుని, అడిగినవాళ్లకు ఏం చెప్పాలో మంచి మంచి మాటలు సిద్ధం చేసుకుని, కొత్త చీర కట్టుకుని వెళ్లాను. సాయంత్రం దాకా కూర్చున్నాను. ఒక్కరూ అడగలేదు. అందరూ అప్పటికి వేరే ఎవరి పిల్లలనో అడుగుతున్నారు. ఇన్నేళ్లయినా ఆ ముచ్చట తలుచుకుంటే నవ్వొస్తుంది, దాంతోపాటే కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు కూడా ఉంటుంది. అంత భయపడి దాచుకున్న రహస్యం కదా, బయటపడ్డాక దాని గురించిన మాట ఆ పెళ్లి దాకానైనా నిలబడకూడదా?